బుస్సీ దొర – జీతమునకు వచ్చిన సైన్యము

(చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 14వ అధ్యాయము, రాజులు రెండవ గ్రంథము 16వ అధ్యాయము)



జగిత్యాల ప్రాంతములోని ఒక చిన్న సంఘమును దర్శించుటకు మేము వెళ్లియుండగా, ఇంటి ప్రార్థన ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు మమ్మును ఒక ప్రశ్న అడిగెను. ఆమె కుమారుడు అబుదాబిలో కూలిపని చేయుచున్నాడు. 2022 జనవరిలో ఆ పట్టణముమీద డ్రోనులు పడి ఇద్దరు భారతీయులును ఒక పాకిస్తాను దేశస్థుడును చనిపోయిరి. కొడుకు ఫోను ఎత్తువరకు ఆ తల్లి ముద్ద ముట్టలేదట. యెమెను దేశమువారు తమలో తాము పోరాడుకొనుచుండగా 2015లో సౌదీవారును ఎమిరేట్సువారును ఆ పోరులో చొరబడిరనియు, అందుకు పగతీర్చుకొనుటకే యెమెనులోని ఒక పక్షమువారు ఆ డ్రోనులను పంపిరనియు ఎవరో ఆమెకు చెప్పియుండిరి. ఒక ఇంటిలో అన్నదమ్ములు కొట్టుకొనుచుండగా పొరుగువాడు కట్టె పట్టుకొని లోపలికి దూరుట న్యాయమేనా అని ఆమె అడిగెను.

మేము తొందరపడి సామెతలు 26వ అధ్యాయములోని మాటను ఆమెకు జ్ఞాపకము చేసితిమి. తనది కాని జగడములో తలదూర్చువాడు దారిన పోవు కుక్క చెవులు పట్టుకొన్నవానివంటివాడని అక్కడ ఉన్నది గదా. ఆ అవ్వ ఊరకుండలేదు. అయితే పక్కింటివాడు త్రాగి వచ్చి భార్యను చంపుచుండగా మనము గడియ వేసికొని ప్రార్థన చేసికొనుచు కూర్చుండవలెనా అని మరల అడిగెను. ఆ రాత్రి మాకు సరియైన జవాబు దొరకలేదు. దొరకలేదని ఒప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు.

మరునాడు తిరిగి వచ్చునప్పుడు జగిత్యాల కోట ప్రక్కగా వచ్చితిమి. మన దేశపు కోటలవలె గాక అది నక్షత్రపు ఆకారములో కట్టబడి, చుట్టును కందకము కలిగియున్నది. నిజాము అలీ కాలమున ఈ ప్రాంతమును ఏలిన జఫరుద్దౌలా ఫ్రెంచి ఇంజనీర్లచేత దీనిని కట్టించెనని చెప్పుదురు. నిర్మలు చుట్టునున్న కోటలను గూర్చియు అట్లే చెప్పుదురు. జాకు, తాలు అను ఇద్దరు ఫ్రెంచివారి పేళ్లు కలిసి జగిత్యాల అయ్యెనని ఒక కథ కూడ ఉన్నది. దానిని మేము నమ్ముట లేదు. అయితే ఎక్కడో సముద్రములకు ఆవలనున్న ఫ్రెంచివారికి గోదావరి ఒడ్డున ఏమి పని? వారి త్రోవ ఈ దేశమునకు ఎట్లు తెరవబడెను? ఆ త్రోవను తెరచినవాడు బుస్సీ. అన్నదమ్ముల పోరులోనికి పిలువబడి వచ్చిన పరాయి సైన్యమునకు అతడు నాయకుడు. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు వెదకుచు అతని జీవితమును మరల చదివితిమి.

చార్లెసు జోసెఫు పాతిస్సియే ద బుస్సీ 1718 ప్రాంతమున ఫ్రాన్సు దేశములో సోయిసాను పట్టణమునకు సమీపమున పుట్టెను. పేరు గల వంశమేగాని చేతిలో సొమ్ము లేదు. అట్టి ఇండ్ల యువకులు ఆ దినములలో సైన్యములో చేరి తూర్పు దేశములకు పోవుచుండిరి. బుస్సీ కూడ ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ సైన్యములో పనిచేయుచు పుదుచ్చేరికి వచ్చెను. అప్పుడు పుదుచ్చేరికి గవర్నరు డూప్లే. వర్తకము చేయుటకు వచ్చిన కంపెనీవారు మన రాజుల తగవులలో దిగినయెడల వర్తకముకంటె ఎక్కువ లాభము కలుగునని మొదట కనిపెట్టినవారిలో అతడు ముఖ్యుడు.

తగవు త్వరలోనే వచ్చెను. 1748లో హైదరాబాదు రాజ్యమును స్థాపించిన నిజాముల్ ముల్కు ముసలితనమున చనిపోయెను. రెండవ కుమారుడు నాసిర్ జంగు సింహాసనము ఎక్కెను. కుమార్తె కుమారుడైన ముజఫర్ జంగు అది తనదని లేచెను. మేనమామకును మేనల్లునికిని యుద్ధము. కర్ణాటకపు నవాబు పదవికి కూడ అట్టి పోటీయే యుండెను. ముజఫర్ జంగు ఫ్రెంచివారిని పిలిచెను. నాసిర్ జంగు ఇంగ్లీషువారిని చేర్చుకొనెను. 1749లో ఆంబూరు యుద్ధములో బుస్సీ మొదటి పేరు సంపాదించెను. 1750 సెప్టెంబరులో ఎవరికిని లొంగదని పేరు పొందిన చెంజి కోటను ఒక్క రాత్రిలో పట్టుకొనెను. ఆ సంవత్సరము డిసెంబరులో ఫ్రెంచివారు నాసిర్ జంగుమీద పడినప్పుడు అతనిని చంపినవాడు ఫ్రెంచివాడు కాడు. అతని పక్షముననున్న కడప నవాబే. కుట్ర ముందే జరిగియుండెను.

1751 మొదట ముజఫర్ జంగు తన రాజధానికి బయలుదేరెను. వెంట బుస్సీ, సుమారు 300 మంది ఫ్రెంచి సైనికులు, 2000 మంది సిపాయిలు. అయితే త్రోవలో, కడప సీమలో రాయచోటి దగ్గర, నిన్నటి కుట్రలో తోడైన నవాబులే పంపకములు చాలలేదని తిరుగబడిరి. ఆ పోరులో ముజఫర్ జంగు చనిపోయెను. రాజు లేడు, సైన్యము ఉన్నది. ఎవరి పక్షమున పోరాడుటకు వచ్చిరో ఆ మనుష్యుడు చనిపోయినప్పుడు, వచ్చినవారు తిరిగి పోవలెను గదా? బుస్సీ తిరిగి పోలేదు. అదే దండులో కావలిలో ఉంచబడిన సలాబతు జంగు అను మరియొక కుమారుని వెలుపలికి తెచ్చి, ఇతడే సుబేదారని ప్రకటింపజేసెను. ఈ సంగతిని చదివినప్పుడు మేము పుస్తకమును మూసి కొంతసేపు ఊరకుంటిమి. చొరబడిన సైన్యము సహాయమునకు వచ్చినదో, తనకొరకే వచ్చినదో తెలియుట ఇట్టి దినముననే.

ఏప్రిలులో వారు హైదరాబాదు చేరిరి. అక్కడనుండి ఔరంగాబాదునకు పోయిరి. ఏడు సంవత్సరములు బుస్సీ దక్కనులో అందరికంటె బలవంతుడుగా ఉండెను. 1752లో పెద్ద కుమారుడైన ఘాజీయుద్దీను ఢిల్లీనుండి మరాఠాల సహాయముతో రాజ్యము అడుగుటకు వచ్చి, ఔరంగాబాదులో విషము పెట్టబడి చనిపోయెను. అందులో బుస్సీకి చెయ్యి ఉన్నదని మేము చెప్పము. అది సవతి తల్లి పనియని చరిత్రకారులు వ్రాసిరి. మరాఠాలు దండెత్తి వచ్చినప్పుడు వారి గుఱ్ఱపుదండును ఫ్రెంచి ఫిరంగులు చెదరగొట్టినవి. సలాబతు జంగునకు బుస్సీ లేక దినము గడువదాయెను.

ఇక జీతములు. పరాయి సైన్యము గాలి త్రాగి బ్రతుకదు. ఒక్కొక్క ఫ్రెంచి సైనికునికి, ఒక్కొక్క సిపాయికి నెలనెలా రూకలు ముట్టవలెను. అవి ఎక్కడనుండి వచ్చును? ఆ దినములలో కరీంనగరము చిన్న పల్లె. ఎలగందల కోటయే ఈ ప్రాంతమునకు ముఖ్యస్థలము. మానేరు ఒడ్డున నాగలి పట్టిన మన పెద్దల శిస్తును హైదరాబాదు ఖజానాలోనికే పోయెడిది. బుస్సీ ఎవరో, అతని దేశము ఎక్కడనో ఆ రైతు ఎరుగడు. అయినను అతని ఫిరంగులకు మందు కొనుటలో ఆ రైతు చెమటయు ఉన్నది. 1753లో బుస్సీ జబ్బుపడి మచిలీపట్నమునకు పోయినప్పుడు, దివాను ఫ్రెంచివారి జీతములు ఆపి, దండును చెదరగొట్టి, వారిని మెల్లగా వదిలించుకొనజూచెను. బుస్సీ తిరిగి వచ్చి, ఇకమీదట జీతములకు ఎవరి చేతివైపును చూడనక్కరలేకుండ ఏర్పాటు చేసికొనెను. ఆ సంవత్సరాంతమున ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులు ఫ్రెంచి సైన్యపు ఖర్చునకు వ్రాయబడెను. కృష్ణకు ఉత్తరమున ఒరిస్సా సరిహద్దు వరకు గల తెలుగు తీరమంతయు ఒక దండు కూలిక్రింద పోయెను. ఆ దేశములోని ఒక్క రైతును గాని, ఒక్క జమీందారును గాని ఎవరును అడుగలేదు.

ఆహాజు కథ మీరెరుగుదురు. యూదావారును ఇశ్రాయేలువారును ఒక్క తండ్రి పిల్లలే. ఇశ్రాయేలు రాజైన పెకహు సిరియా రాజైన రెజీనును కూడగట్టుకొని యెరూషలేము మీదికి వచ్చెను. ఆహాజు భయపడి అష్షూరు రాజైన తిగ్లత్పిలేసెరునకు కబురు పంపెను. వట్టి కబురు కాదు. మందిరములోని వెండి బంగారములు కూడ పంపెను. అష్షూరు రాజు వచ్చి దమస్కును పట్టుకొని రెజీనును చంపెను. ఆ దినమున యెరూషలేములో సంతోషించియుందురు. అయితే దినవృత్తాంతములు రెండవ గ్రంథము 28వ అధ్యాయము చదివినయెడల, అతడు ఆహాజును బాధపరచెనేగాని బలపరచలేదని తెలియును. కొడుకైన హిజ్కియా కాలములో ఆ అష్షూరువారే యెరూషలేము గోడలయెదుట నిలిచిరి. సలాబతు జంగు చేతిలో బైబిలు లేదు. ఉన్నను చదివెడివాడో లేదో. ఆహాజు చేతిలో ప్రవక్తయే యుండెను, అయినను వినలేదు.

బుస్సీని గూర్చి న్యాయముగా చెప్పవలెను. అతడు పిరికివాడు కాడు, క్రూరుడని పేరు పొందినవాడును కాడు. దండును క్రమములో ఉంచెను. జీతములు అందనప్పుడు తన పరపతిమీద అప్పు తెచ్చి సైనికులకు ఇచ్చెను. ఈ దేశపు సభామర్యాద నేర్చుకొనెను. ఈ తగవులోనుండి గౌరవముగా బయటపడుట మేలని 1753 ప్రాంతములో అతనికే తోచెననియు, డూప్లే ఒప్పుకొనలేదనియు చెప్పుదురు. ఆ తరువాత 1754లో డూప్లేనే కంపెనీవారు వెనుకకు పిలిపించుకొనిరి. బుస్సీ మాత్రము ఉండిపోయెను. మంచివాడే వచ్చినను మంచి జరుగలేదనుటయే ఈ కథలో మనలను కలవరపెట్టు సంగతి. చెడ్డవాడైయుంటే మనకు సుళువుగా ఉండెడిది.

1756లో పిలిచినవాడే పొమ్మనెను. దివాను మాట విని సలాబతు జంగు బుస్సీకి సెలవిచ్చెను. బుస్సీ మచిలీపట్నము త్రోవ పట్టినట్లు కనబడి, హైదరాబాదులో చార్‌మహలు అను తోటలో దిగి, చుట్టును అడ్డుకట్టలు వేసికొని కూర్చుండెను. ఎవరి రక్షణకొరకు వచ్చెనో వారి సైన్యమే అతనిని ముట్టడించెను. రెండు నెలలకు మచిలీపట్నమునుండి సహాయము వచ్చిన తరువాత సలాబతు జంగు రాజీపడి మరల అతనిని తన కొలువులోనికి తీసికొనెను. అల్లుడు అలిగి అత్తవారింటి అరుగుమీద కూర్చున్నట్లు ఉన్నదని నవ్వుకొనవచ్చును గాని, ఆ రెండు నెలలు హైదరాబాదు జనులు ఏమి తినిరో, ఎంత భయపడిరో వ్రాసినవారు లేరు.

ఆ సంవత్సరాంతమున తన సర్కారులలో శిస్తు సరిగా రావలెనని బుస్సీ తీరమునకు పోయెను. అక్కడ మరియొక పాత పగ ఉన్నది. విజయనగరపు పూసపాటి విజయరామరాజునకును బొబ్బిలి వెలమదొర రంగారావునకును చాల కాలమునుండి పడదు. విజయరామరాజు ఫ్రెంచివారి పక్షమున శిస్తు వసూలు చేసి ఇచ్చువాడు, వారికి నమ్మకమైనవాడు. రంగారావు పొగరుబోతని, అతడు ఉన్నంతవరకు సర్కారుకు నెమ్మది లేదని అతడు బుస్సీ చెవిలో వేసెను. బొబ్బిలిని విడిచి వేరొక చోట భూములు తీసికొని పొమ్మని బుస్సీ రంగారావునకు కబురు పంపెను. తాతల నాటి నేలను విడుచుటకు రంగారావు ఒప్పుకొనలేదు.

1757 జనవరి 24న తెల్లవారుజామున ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి మట్టికోట మీద పేలినవి. బురుజులు పడిపోయినను లోపలివారు గండ్లలో నిలిచి పోరాడిరి. సైనికులు ఎక్కుట, పడుట, మరల ఎక్కుట. పగటిలో ఎక్కువ భాగము అట్లే గడిచెను. ఇక నిలువలేమని తెలిసినప్పుడు లోపలి మగవారు తమ ఇండ్లలోనికి పోయి తమ భార్యలను, పిల్లలను తమ చేతులతోనే చంపి, ఇండ్లకు నిప్పుపెట్టి, తిరిగి వచ్చి గోడమీద చచ్చిరి. శత్రువు చేతిలో పడి మానము పోగొట్టుకొనుటకంటె అది మేలని వారు ఎంచిరి. రంగారావు తుపాకి దెబ్బకు కూలెను. ఫ్రెంచివారు లోపలికి పోయి చూచినది విజయము కాదు. కాలుచున్న ఇండ్లు, పిల్లల శవములు. ఒక ముసలివాడు రంగారావు చిన్న కుమారుని ఎత్తుకొని వచ్చి, లా అను ఫ్రెంచి సేనానికి అప్పగించెను. తల్లిదండ్రులు, బంధువులు, ఊరు అంతయు ఒక్క పూటలో పోయిన బిడ్డ. మూడు రాత్రులు గడిచిన తరువాత బొబ్బిలివారిలో మిగిలినవారు చీకటిలో ప్రాకి వచ్చి, విజయరామరాజును అతని డేరాలోనే పొడిచి చంపిరి. ఆ పని చేసినవాడు తాండ్ర పాపారాయుడని మన బుర్రకథలవారు పాడుదురు. 1964లో సినిమా కూడ వచ్చెను.

పాటలో పాపారాయుని పౌరుషము వినునప్పుడు మనకు రోమములు నిక్కబొడుచును. అయితే ఒక సంగతి చెప్పకుండ ఉండలేము. ఆ ఫిరంగులవెనుక నిలిచినవారు క్రీస్తు పేరు పెట్టుకొన్న దేశమువారు. సువార్త తెలియని ఎన్నో తెలుగు పల్లెలు క్రైస్తవుడు అను మాటను మొదట ఫిరంగి మ్రోతతో కలిపి వినినవి. తరువాత నూరేండ్లకు బైబిలు చేతపట్టుకొని వచ్చినవారిని మన జనులు అనుమానముతో చూచిరనిన, తప్పంతయు జనులది కాదు.

రెండు ఇండ్ల పగలో పరాయివాడు ఒకని చెవిమాట విని దిగినందున ఆ రెండు ఇండ్లును కూలెను. అతడు దిగకుండినయెడల బొబ్బిలివారును విజయనగరమువారును పోరాడియే యుందురు. వారిలో కొందరు చచ్చియుందురు. అయితే ఊరంతయు ఒక్కపూటలో చావవలసిన అవసరము వారి కత్తులకు లేదు. అది ఫిరంగుల బలము.

బుస్సీ ఆ సంవత్సరమే విశాఖపట్టణమును ఇంగ్లీషువారినుండి పట్టుకొనెను. 1758లో ఔరంగాబాదునకు తిరిగి వచ్చునప్పటికి అక్కడ సలాబతు తమ్ముడైన నిజాము అలీ బలపడియుండెను. బుస్సీకి కుడిచేయియైన హైదరు జంగును నిజాము అలీ మనుష్యులు డేరాలోనే చంపిరి. అంతలో ఫ్రెంచి సేనాపతి లాలీ పుదుచ్చేరికి రమ్మని ఆజ్ఞ పంపెను. బుస్సీ వెళ్లిపోయెను. ఏడేండ్ల కట్టడము ఏడు నెలలు నిలువలేదు. విజయరామరాజు స్థానములోనికి వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారిని తోలుటకు ఇంగ్లీషువారిని పిలిచెను. వారి సేనాని ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర గెలిచి, 1759 ఏప్రిలులో మచిలీపట్నమును పట్టుకొనెను. సలాబతు జంగు ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను. బుస్సీ 1760 జనవరిలో వందవాసి యుద్ధములో ఇంగ్లీషువారికి పట్టుబడెను. ఇక సలాబతు జంగు: కాపాడువారు పోయిన తరువాత తమ్ముడు అతనిని దింపి బీదరు కోటలో పెట్టెను, 1763లో అక్కడనే అతడు చంపబడెను.

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వచ్చెదము. పక్కింటిలో చంపుచుండగా గడియ వేసికొనవలెనా? వేసికొనకూడదు. ఆదికాండము 14వ అధ్యాయములో అబ్రాము వేసికొనలేదు. ఆ యుద్ధము అతనిది కాదు. కప్పము కట్టుటకు ఒల్లని రాజులకును, కప్పము అడుగు రాజులకును మధ్య జరిగినది. వారు కొట్టుకొన్నంతకాలము అతడు మమ్రే దగ్గర తన గుడారములోనే యుండెను. లోతు చెరపట్టబడెనని వినిన దినముననే 318 మందిని తీసికొని బయలుదేరెను. చెరపట్టబడినవారిని విడిపించి తెచ్చెను. సొదొమ రాజు ఆస్తి నీవు ఉంచుకొమ్మనెను. అబ్రాము నూలుపోగును గాని, చెప్పులవారును గాని తనకొరకు తీసికొనలేదు. పనివారు తినిన తిండి, తనతో వచ్చినవారి భాగము, అంతే. తరువాత సొదొమకు రాజుగా ఎవరినైనను నిలిపెనా? అక్కడ ఠాణా పెట్టెనా? లేదు, ఇంటికి పోయెను. బుస్సీకి నాలుగు సర్కారులు, అబ్రామునకు నూలుపోగు కూడ లేదు. మేము చూచు భేదము ఇక్కడ ఉన్నది.

మన దేశము కూడ ఇట్టి త్రోవలో నడిచినది. 1971లో తూర్పు పాకిస్తానులో పుట్టిన ఘోరమునుండి కోటిమందికి దగ్గరగా జనులు మన దేశములోనికి పరుగెత్తి వచ్చిరి. డిసెంబరులో మన సైన్యము వెళ్లి, రెండు వారములలో యుద్ధము ముగించి, 1972 మార్చినాటికి ఆ దేశమును ఆ దేశమువారికే విడిచి తిరిగి వచ్చినది. దానిని మేము న్యాయమనియే తలంచుచున్నాము. 1987లో శ్రీలంకకు శాంతి నిలుపుటకని పోయిన మన సైన్యము, ఎవరిని కాపాడుటకు పోయినదో ఆ తమిళుల పక్షపు యోధులతోనే పోరాడవలసివచ్చి, వెయ్యిమందికి పైగా జవానులను పోగొట్టుకొని 1990లో తిరిగి వచ్చినది. పంపినవారి మనస్సు రెండు సార్లును చెడ్డది కాదు. కాని రెండవసారి ఎవరి ఇల్లు కాపాడుచున్నామో, ఎప్పుడు బయటికి రావలెనో ముందుగా తెలిసికొనలేదు.

మరి 1948? ఈ మాట మన జిల్లాలలో ఎత్తకుండ పోరాదు. రజాకార్ల దినములను గూర్చి మన తాతలు చెప్పినవి మనము వినియున్నాము. కరీంనగరమువాడైన అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న హుస్నాబాదు దగ్గర మహమ్మదాపురములో తన సహచరులతో పోరాడి చనిపోయెను. సెప్టెంబరు 13న భారత సైన్యము నాలుగు దిక్కులనుండి ప్రవేశించి, 17న నిజామును లొంగదీసెను. నిజాము ప్రభుత్వము దీనిని పరాయి దండయాత్రయని ఐక్యరాజ్యసమితికి ముందుగానే ఫిర్యాదు చేసియుండెను. ఢిల్లీవారు పోలీసు చర్య అనిరి. ఎల్లలకు ఆవలనున్నవారు మన భాషవారే, మన చుట్టములే గనుక ఆ సైన్యమును బుస్సీ సైన్యముతో సమానము చేయుట మాకు ఇష్టము లేదు. పక్కింటిలో చంపుచుండగా తలుపు తట్టినవారు వీరు. ఆ తరువాత 1952లో జనులు ఓట్లు వేసికొని తమ ప్రభుత్వమును తామే ఏర్పరచుకొనిరి.

అయినను సైన్యము వచ్చిన వారములలో జరిగినది కూడ చెప్పవలెను. పండితు సుందర్‌లాలు మొదలగువారిని ఢిల్లీ ప్రభుత్వమే విచారణకు పంపెను. మన నిర్మలునకు ఆవలనున్న నాందేడులోను, బీదరు, ఉస్మానాబాదు, గుల్బర్గా జిల్లాలలోను పగతీర్చుకొనుటలో 27,000 నుండి 40,000 వరకు జనులు, ఎక్కువమంది ముస్లిములు, చనిపోయియుందురని వారు లెక్కకట్టిరి. ఆ నివేదికను చాల కాలము ఎవరికిని చూపలేదు. రజాకారు చేసినదానికి రజాకారు కాని కుట్టుపనివాడు, అతని బిడ్డలు బదులు చెల్లించిరి. పొరుగువారిని తమ ఇండ్లలో దాచి కాపాడిన హిందువులు కూడ ఉన్నారని ఆ విచారణవారే వ్రాసిరి. వారిని తలంచినప్పుడు ఓదేదు అను ప్రవక్త మాకు జ్ఞాపకము వచ్చును. ఇశ్రాయేలువారు యూదానుండి రెండు లక్షలమంది స్త్రీలను, పిల్లలను చెరపట్టి తెచ్చినప్పుడు అతడు దండుకు ఎదురేగి వీరు మీ సహోదరులేయని చెప్పెను. అప్పుడు షోమ్రోను పెద్దలు బట్టలు లేనివారికి బట్టలిచ్చి, అన్నము పెట్టి, నడువలేనివారిని గాడిదలమీద ఎక్కించి యెరికో వరకు తీసికొనిపోయి విడిచిరి. ఇదియు దినవృత్తాంతములు రెండవ గ్రంథము 28వ అధ్యాయములోనిదే. ఆహాజు అష్షూరును పిలిచిన అధ్యాయము అదే.

జగిత్యాల అవ్వకు మేము ఇంకొకసారి వెళ్లినప్పుడు ఇదంతయు చెప్పలేదు. తలుపు తట్టవలెననియు, లోపలికి పోయినవాడు చంపబడువారిని బయటికి తెచ్చి తానును బయటికి రావలెననియు, ఆ ఇంటి బియ్యపు కుండమీద చెయ్యి వేసినయెడల వాడు దొంగయేననియు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, యెమెనులో అట్లు బయటికి వచ్చినవారు ఎవరైనను ఉన్నారా అని అడిగెను. యెమెను సంగతి మీ కొడుకే మాకంటె బాగుగా చెప్పగలడని అంటిమి.

బుస్సీ విడుదల పొంది గొప్ప ధనవంతుడై ఫ్రాన్సునకు తిరిగి పోయెను. ఇరువది సంవత్సరములకు పైగా అక్కడనే యుండెను. ముసలితనములో ఫ్రెంచి ప్రభుత్వము అతనిని సేనాధిపతిగా మరల ఈ దేశమునకు పంపగా, 1783లో వచ్చి చేరెను. దేహమున వాతరోగము, కాళ్లలో బలము లేదు. కడలూరులో ఇంగ్లీషువారితో పోరాడుచుండగా, ఐరోపాలో సంధి జరిగెనని వార్త వచ్చి యుద్ధము ఆగిపోయెను. తిరిగి ఫ్రాన్సునకు పోలేదు. 1785 జనవరిలో పుదుచ్చేరిలో చనిపోయెను.

అప్పటికి నాలుగు సర్కారుల శిస్తు ఇంగ్లీషువారు వసూలు చేయుచుండిరి. 1766లో నిజాము అలీ వాటిని వారికి వ్రాసి ఇచ్చి, బదులుగా కొంత కప్పమును, అవసరమైనప్పుడు వారి సైన్యపు సహాయమును అడిగెను. 1798లో ఇంగ్లీషు సైన్యము హైదరాబాదులో శాశ్వతముగా దిగెను. 1800లో ఆ సైన్యపు ఖర్చుక్రింద బళ్లారి, కడప, అనంతపురము సీమలు పోయెను. 1823లో ఇంగ్లీషువారు కొంత సొమ్ము ఒక్కసారిగా చెల్లించి సర్కారుల కప్పమును కూడ తెంచుకొనిరి.